ఉద్యోగ ప్రకటనలో ఒక వరుస

నేను చదివింది తమిళ మీడియం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

రైల్వేలో గుమస్తాగా ఉన్నప్పుడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల్లో ఒక వరుస చూసేవాణ్ణి: 1963 జూన్ 1న గానీ ఆ తరువాత గానీ బర్మా నుంచి తిరిగి వచ్చిన భారత సంతతివారికి వయసులో మూడేళ్ళ సడలింపు. ఆ వరుస వెనక మన తెలుగువాళ్ళ కథ ఉంది.

బ్రిటిష్ కాలంలో గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వేలాదిమంది కూలికి రంగూను వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు. రంగూను రేవులో మూటలు మోసినవాళ్ళు ఎక్కువగా వీళ్ళే. 1930 మేలో ఆ పని కోసమే బర్మావాళ్ళతో పెద్ద గొడవ జరిగి ఎందరో చనిపోయారు.

1937లో బర్మా ఇండియా నుంచి వేరైంది. 1948 జనవరి 4న స్వతంత్రమైంది. చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళు పౌరసత్వానికి అర్జీ పెట్టుకోవచ్చన్నారు. కూలివాడికి అర్జీ రాయడం వచ్చా? ఎప్పటికైనా ఊరికి పోతామనే ఆశ ఒకటి. పెట్టినవాళ్ళ అర్జీలు కూడా ఎన్నో ఏళ్ళతరబడి కదల్లేదు. కాగితం లేనివాడు పుట్టినచోటే విదేశీయుడు. 1962లో నె విన్ వచ్చాడు, 1964లో అంగళ్ళు ప్రభుత్వపరం చేశాడు. లక్షకు పైగా జనం ఓడలెక్కి మద్రాసులో, విశాఖలో దిగారు.

చేతిలో డబ్బు లేదు, కాని ఇక్కడ వాళ్ళు పరాయివాళ్ళు కారు. బీచ్ స్టేషను ఎదుట బర్మా బజారు అట్లా పుట్టిందే.

స్విట్జర్లాండులో కొన్ని ఊళ్ళలో, వలస వచ్చినవాడికి పౌరసత్వం ఇవ్వాలా వద్దా అని 2003 వరకు ఊరివాళ్ళే ఓటు వేసేవారు. కొద్ది ఓట్లతో గెలిచినవాళ్ళనీ, కొద్దిలో ఓడినవాళ్ళనీ పరిశోధకులు పోల్చారు. గెలిచినవాళ్ళ సంపాదన ఏళ్ళతరబడి ఎక్కువగా ఉంది. తక్కువ జీతగాళ్ళకే లాభం ఎక్కువ.

అంత దూరం ఎందుకు? మన తిరువళ్ళూరు జిల్లా గుమ్మిడిపూండిలోనే శ్రీలంక శరణార్థుల క్యాంపు ఉంది. ఇక్కడే పుట్టి, డిగ్రీ చదివిన పిల్లలు పౌరసత్వం లేక ప్రభుత్వ ఉద్యోగానికి అర్జీ పెట్టలేరు. పెయింటింగు పనికి పోతారు. మన కోరంగీలకు రంగూనులో జరిగింది గుర్తుంటే, వీళ్ళ బాధ మనకు పరాయిది కాదు.

మన సంఘంలో బర్మా నుంచి వచ్చిన కుటుంబాలుంటే, ఏ సంవత్సరం, ఏ ఓడలో వచ్చారో ఇంటి పెద్దలను అడిగి రాసిపెట్టండి. అడగడానికి పెద్దలు ఇంకా కొందరే మిగిలారు.