చచ్చిన కెమెరాలో మూడు వందల వోల్టులు

మా ఉస్తాద్ కోఠీ గల్లీలో బల్ల వేసుకున్న రోజుల్లో కెమెరాకి పవర్ రాకపోవడమనే జబ్బే లేదు. పెంటాక్స్ కె1000లో బ్యాటరీ ఉండేది వెలుతురు కొలిచే ముల్లు కోసమే. అది అయిపోయినా షట్టర్ స్ప్రింగ్ మీద ఠక్కున పడేది. ఉస్తాద్‌కి కరెంటంటే భయం పుట్టించింది ఫ్లాష్‌గన్నులు.

ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జెర్టన్ 1930లలో తీర్చిదిద్దిన సూత్రమే వాటిది. బ్యాటరీ ఇచ్చే కొద్దిపాటి వోల్టేజీని దాదాపు 300 వోల్టుల దాకా పెంచి, కెపాసిటర్‌లో నింపి, జీనాన్ ట్యూబులోకి ఒక్క దెబ్బకి వదలడం. తర్వాత చిన్న డిజిటల్ కెమెరాల కడుపులోకీ అదే కెపాసిటర్ చేరింది.

డిజిటల్‌కి ఆకలెక్కువ. 1975లో కోడాక్ ఇంజనీరు స్టీవ్ సాసన్ కట్టిన మొదటి దానికి 16 బ్యాటరీలు; ఒక్క బొమ్మ క్యాసెట్టుకెక్కడానికి 23 సెకన్లు. 1995 నాటి క్యాసియో క్యూవీ-10 నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడిచింది. మా బల్ల మీదికి డిజిటల్‌లు వరస కట్టింది మాత్రం 2000 తర్వాతే.

"ఆన్ అయితలేదు భాయ్" అని ఎవరొచ్చినా నా చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోదు. ముందు కొత్త ఆల్కలైన్ సెల్స్ వేసి చూస్తా. చవక సెల్ మీటర్‌లో ఒకటిన్నర వోల్టు చూపిస్తుంది, లెన్స్ మోటారు లాగగానే కూలబడుతుంది. తర్వాత బ్యాటరీ మూత. దాని అంచున చిన్న ప్లాస్టిక్ నాలుక లోపలి స్విచ్చిని నొక్కాలి. అది విరిగితే మూత తెరిచే ఉందనుకుని కెమెరా లేవదు. సెల్ కారి పట్టిన తెల్లటి పొక్కుని నిమ్మరసం అద్దిన దూదిపుల్లతో తుడిచి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆరబెట్టాలి. ఆల్కలైన్ సెల్ లోపలిది క్షారం కాబట్టి పులుపుకి లొంగుతుంది. లిథియం బ్యాటరీ ఉబ్బితే మాత్రం గుచ్చొద్దు, నొక్కొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, పక్కన పెట్టేయడమే.

విప్పక తప్పనప్పుడే అసలు జాగ్రత్త. బ్యాటరీ తీసి రోజులైనా ఆ కెపాసిటర్‌లో ఛార్జి మిగిలి ఉండొచ్చు. ఉస్తాద్ స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లూ కలిపేవాడు. నీలి మెరుపు, ఫటేల్! చూడ్డానికి సరదాగానే ఉండేది గానీ ఆ దెబ్బకి బోర్డు మీద ట్రాక్ ఎగిరిపోగలదు. నేను రెండు కిలోఓమ్‌ల, అయిదు వాట్ల రెసిస్టర్‌కి తొడుగున్న వైర్లు కట్టుకుని, కొన్ని సెకన్లు ఆనించి, మీటర్ సున్నాకి దిగాకే వేలు పెడతా. ఎడమచెయ్యి జేబులో. ఈ నియమం ఉస్తాద్‌దే.

ఆపైన ఫ్యూజు. పోతే అదే రేటింగ్‌ది వెయ్యాలి. తీగముక్కతో కలిపేవాళ్లంటే నాకు మంట.

ఆన్ అయ్యి బొమ్మ నల్లగానో ఊదాగానో వస్తే అది పవర్ జబ్బు కాదు. వేడికీ తేమకీ సోనీ తయారుచేసిన కొన్ని సెన్సర్లు చెడుతున్నాయని 2005లో బయటపడి, చాలా కంపెనీలు ఉచితంగా మార్చాయి. ఇప్పుడు ఆ భాగాలు రావు, తుక్కు కెమెరాల్లోంచి పీకాల్సిందే. కాలేజీ పిల్లలు మళ్లీ ఈ పాత డబ్బాలు కొంటున్నారు. వీడియో చూసి సగం విప్పుకుని తెచ్చినవాణ్ణి ముందు అడిగేది ఒకటే: ఫ్లాష్ పక్కన వేలు పెట్టినవా?