ఎగ్జిట్ 13 దగ్గర ఎటు?

హైదరాబాద్ ఔటర్ మీద మీ కారు నూరు దాటింది. స్టీరింగు మీ చేతుల్లోనే ఉంది. శంషాబాద్ వెనకబడింది, పెద్ద గోల్కొండ దాటేశారు, తుక్కుగూడ బోర్డు కనబడుతోంది. ఎగ్జిట్ 14. ఈ దిక్కుగా వెళ్తుంటే నంబర్లు తగ్గుతూ వస్తాయి. తర్వాతిది 13, రావిర్యాల. అక్కడ దిగితే వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కు. దిగకపోతే 12 బొంగ్లూరు, ఆపైన 11 పెద్ద అంబర్‌పేట. అక్కడ దిగి విజయవాడ హైవే పట్టుకుంటే రామోజీ ఫిల్మ్ సిటీ.

ఎక్కడికన్నది ఇంకా తేలలేదు. రాత్రి పడుకునేదాకా వాదన, పొద్దున ఇడ్లీల దగ్గరా అదే వాదన. పక్క సీట్లో మీ ఆయన ఫోన్లో రెండు చోట్ల టికెట్ల ధరలూ తిరగేస్తున్నారు. వెనక సీట్లో పదమూడేళ్ల అమ్మాయి, ఆరేళ్ల పిల్లాడు, మధ్యలో మీ అమ్మ.

"రీకాయిల్ ఎక్కిస్తానని మాటిచ్చావమ్మా!"

"నాకు నీళ్లు కావాలి!"

"మీ ఇష్టం తల్లీ. నేనెక్కడో ఓచోట కూర్చుంటాలే."

ఆ మూడో మాట ఎవరి చెవినా పడదు. బోర్డు దగ్గరికొస్తోంది. వెనక లారీవాడు హారన్ మోగిస్తున్నాడు. తేల్చాలి. ఇప్పుడే.

ఎడమ ఇండికేటర్. దిగిపోయారు.

గేటు దగ్గర పిల్లాణ్ణి గీతకు ఆనించి నిలబెడతారు. ఇక్కడ పిల్లల టికెట్టుకు వయసు కాదు లెక్క, ఎత్తు. 85 సెంటీమీటర్ల లోపైతే ఉచితం, 140 లోపైతే పిల్లల టికెట్, దాటితే పెద్దవాళ్లదే. మీవాడు మడమలెత్తి సాగుతున్నాడు. మీరు వాడి భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కుతున్నారు. మీ అమ్మకు సీనియర్ సిటిజన్ రాయితీ వచ్చింది. పులిహోర డబ్బా మాత్రం లోపలికి రానివ్వరు, కారుకు తిరుగు ప్రయాణం.

2016లో తెరిచిన పార్కు ఇది. ఎటు చూసినా పిల్లలు పరిగెడుతున్నారు. మీ అమ్మాయి మాత్రం తలెత్తి ఒకటే చూస్తోంది. రీకాయిల్ రోలర్ కోస్టర్. మెలికలు తిరిగిన పట్టాలు, వాటి మీద నుంచి రెండు నిమిషాలకోసారి ఊడిపడే అరుపులు. మీ ఆయనకు సరిగ్గా అప్పుడే నడుం నొప్పి గుర్తొస్తుంది. ఈ రైడుకు ఎత్తు చాలక పిల్లాడు గీత దగ్గరే ఆగిపోయాడు. ఇక మిగిలింది మీరే.

క్యూ కదలదు. డబ్బు ఎక్కువ పెట్టి ఫాస్ట్‌ట్రాక్ కొన్నవాళ్లు పక్కనుంచి చకచకా వెళ్లిపోతున్నారు. ఆదివారం ఆ టికెట్టు ఎందుకుందో మీకు అరగంట నిలబడ్డాక అర్థమవుతుంది.

సీటు. భుజాల మీదుగా బార్ దిగింది. టక్. కుర్రాడొచ్చి చేత్తో లాగి చూశాడు. గుండెలకు గట్టిగా ఆనింది. పిల్లాణ్ణి ఎందుకు ఆపారో ఇప్పుడు తెలుస్తోంది: ఒళ్లు చిన్నదైతే ఈ బార్‌కీ ఒంటికీ మధ్య సందు మిగిలిపోతుంది.

ముందుకు పోతుందనుకుంటారు. వెనక్కి లాగుతోంది. మెల్లగా, ఏటవాలుగా, పైకి. మొహం నేలవైపు వంగిపోతోంది. ఒంటి బరువంతా బార్ మీదే. కింద స్టేషను అరచేయంత అయింది. ఇది నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా కంపెనీ బూమరాంగ్ రకం, 35 మీటర్ల ఎత్తు. పదో అంతస్తు దాటేశారు.

ఆగింది.

"అమ్మా, దిగిపోదాం." ఇందాకటి ధీరురాలే. మీ మణికట్టు పట్టుకుంది. దిగడానికి ఒకటే దారి.

వదిలేశారు.

పడుతున్నారు. స్టేషను వచ్చింది. పోయింది. తలకిందులు. మళ్లీ తలకిందులు. నేల. ఆకాశం. నేల. కడుపు పైనే ఉండిపోయింది. ఎవరో అరుస్తున్నారు. మీరే. లూప్. ఇంకోసారి తలకిందులు. జారిపోరు. ఆ వేగమే మిమ్మల్ని సీటుకు అదిమి పెడుతుంది.

రెండో కొండ. ఈసారి ఆకాశం వైపు మొహం. గొలుసు అందుకుంది. పైకి. ఇంకా పైకి. అయిపోలేదు. వచ్చిన దారినే పోవాలి. వెనక్కి. ఏమొస్తుందో కనబడదు.

వదిలేశారు.

దిగాక కాళ్లు మీవి కావు. మొత్తం ఆరుసార్లు తలకిందులయ్యారు. దీని అసలు వేగం గంటకు 75 కిలోమీటర్ల చుట్టుపక్కలే. పొద్దున ఔటర్ మీద మీరు దీనికంటే జోరుగానే వచ్చారు, అక్కడ ఒక్కరూ అరవలేదు. అమ్మాయి నవ్వుతూ ఏడుస్తోంది. "ఇంకోసారి?" అంటోంది.

తర్వాత నీళ్లు. ఇక్కడ నైలాన్ బట్టలుండాలి. నూలు బట్టలతో కొలనులోకి దిగనివ్వరు. మీ ఆయన కౌంటర్‌కు పరిగెత్తారు. మీరు పిల్లాడి చెయ్యి పట్టుకుని అలల కొలనులో దిగారు. మోకాలి లోతు. జనం. ముందుగా అందరూ కేక పెడతారు, తర్వాత అల వస్తుంది. మొదటిది నడుం దాకా. రెండోది మీకు ఛాతీ దాకా. అంటే వాడికి?

చెయ్యి జారింది.

నురుగు. ఎవరిదో వీపు. ఎవరిదో టోపీ. వాడు లేడు. కేక లేదు. నీళ్లు మింగుతున్న పిల్లాడు కేకెయ్యలేడు, ఊపిరే అందదు. వంగండి. చెయ్యి పెట్టండి. ఎడమవైపు. చొక్కా అంచు. లాగండి.

దగ్గాడు. ఉమ్మేశాడు. మీ మెడ చుట్టూ చేతులేశాడు.

మూడు సెకన్లు కూడా కాలేదు. గట్టు మీద ఈల పట్టుకుని లైఫ్‌గార్డు నిలబడే ఉన్నాడు. కొన్ని వందల తలల్లో ఒక చిన్న తల అతనికి ఎప్పుడు కనబడాలి? 35 మీటర్ల ఎత్తున బార్ పట్టుకుంది. ఇక్కడ మీ చెయ్యి తప్ప పట్టుకునేదేదీ లేదు. ఈ రెండింటిలో ఏది ప్రమాదమని అడిగితే నేను మోకాలి లోతు నీళ్లనే చూపిస్తాను.

ఒడ్డుకొచ్చాక మీ అమ్మ కనబడుతుంది. చెట్టు నీడలో బెంచీ. చుట్టూ మీ సంచులు, చెప్పులు, తువ్వాళ్లు. చీరతో కొలనులోకి రాకూడదు. రీకాయిల్ మాట సరేసరి. పొద్దుట్నుంచీ ఒక కాఫీ తాగింది. బాగుందా అంటే, "బాగుందే, అందరూ బాగా తడుస్తున్నారు," అంటుంది.

ఆ మాట గుచ్చుకుంది కదా. అయితే మళ్లీ ఔటర్ ఎక్కండి. అదే ఆదివారం. అదే కారు. తుక్కుగూడ బోర్డు. లారీ హారన్. ఈసారి ఇండికేటర్ వేయకండి.

13 వెనక్కి పోయింది. అమ్మాయి కిటికీ వైపు మొహం తిప్పేసుకుంది. మధ్యాహ్నం దాకా మీతో మాట్లాడదు, తెలిసే చేశారు.

విజయవాడ హైవే మీద అనాజ్‌పూర్ గుట్టలు. 1996లో రామోజీరావు కట్టించిన ఊరు. 1,666 ఎకరాలు, ప్రపంచంలోనే అతిపెద్ద స్టూడియోగా గిన్నిస్‌లోకెక్కింది. టికెట్ దగ్గర్నుంచి లోపలికి వెళ్లడానికే బస్సు. లోపల తిరగడానికి ఇంకో బస్సు, ఎర్రది. మీ అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. గైడు మైకులో సినిమాల పేర్లు చెబుతున్నాడు. అతను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంటోంది: "ఆ మెట్ల మీదే కదూ పాట!" మూడో పేరు దగ్గర గైడు ఆవిణ్ణి చూసి నవ్వేశాడు.

రైల్వే స్టేషను వచ్చింది, రైళ్లు రావు. విమానాశ్రయం వచ్చింది, విమానాలు లేవు. పిల్లాడు ఒక మేడ వెనక్కి పరిగెత్తి కేకేశాడు: "ఇల్లు లేదమ్మా, ముందు గోడే ఉంది!" బాహుబలి సెట్ దగ్గర మీ అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఫొటో దిగింది. శివగామిలా ఉందంటే కొట్టినంత పని చేసింది.

ఒక హాల్లో గుర్రబ్బండి ఉంది, గుర్రం లేదు. జనంలోంచి ఒకరిని ఎక్కిస్తారు. ఎవరొస్తారు? మీ అమ్మాయి చెయ్యి దానంతటదే లేచింది. బండి ఊపుతున్నారు, ఆమె కళ్లేలు పట్టుకుని అరుస్తోంది. కాసేపటికి అదే తెర మీద చూపించారు: వెనక రోడ్డు పరిగెడుతోంది, డెక్కల చప్పుడు వినబడుతోంది. అమ్మాయి అలక అక్కడ తీరింది.

అయితే రెండు గంటల ఎండ. నీడ నుంచి నీడకు దూరం. బస్సు కోసం వరస. వైల్డ్ వెస్ట్ ఫైట్ షో మొదలవబోతోంది, అవతల తోటలున్నాయి, మీ అమ్మ మోకాలు పట్టుకుంది. రెండూ కుదరవు. ఏది? తుపాకుల మోత వినబడగానే పిల్లాడే తేల్చేశాడు. మీ అమ్మ కూర్చుంది, కానీ ఈసారి సంచులకు కాపలాగా కాదు. పైనుంచి మనిషి పడగానే మీకంటే ముందు ఆవిడే "అయ్యో" అంది.

నా తీర్పు ఇది. కారులో అందరూ గీత దాటినవాళ్లే అయితే, అందులోనూ ఎండాకాలమైతే, 13లో దిగండి, రామోజీ ఊసే వద్దు. అమ్మో, నాన్నో, అత్తగారో వెంట ఉంటే చలికాలం దాకా ఆగి 11కే పొండి. బయల్దేరే ముందు రాత్రి పిల్లాణ్ణి గోడకు నిలబెట్టి ఎత్తు కొలవండి, నైలాన్ బట్టలు సంచీలో పెట్టండి. నీళ్లలో ఉన్నంతసేపూ ఫోను ఒడ్డున వదిలేసి, పిల్లలు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండండి.