చిట్యాలకు వచ్చిన యతిథులకు చూపదగినవి

మా చిట్యాలకు బంధువులెవరైన వచ్చినచో, మఱునాటి యుదయముననే వారు మమ్మడుగు ప్రశ్న యొక్కటియే: ఈ ప్రాంతమున చూడదగిన దేమున్నది? మేము చెప్పు సమాధానమును నొక్కటియే: రామప్పగుడి. మోటారుబండి మాటాడి, పులిహోర మూట గట్టి, పొద్దు పొడువకమునుపే బయలుదేరుదుము. గుడి చూచి, నంది ముందఱ ఛాయాచిత్రములు తీసికొని, ఎండ ముదిరిన తోడనే మరలుదుము. ఇట్లు పలుమాఱులు పోయివచ్చిన పిదప, మేము వారికి చూపినది యందున్న దానిలో మూడవపాలు మాత్రమే యని మాకు తోచినది.

గుడి గొప్పతనమును మేము తక్కువ చేయుటలేదు. పాలంపేటలోని యీ రుద్రేశ్వరాలయమును కట్టించినవాడు రేచర్ల రుద్రసేనాని. గణపతిదేవ చక్రవర్తి యాదవుల చెఱలో నున్న కాలమున కాకతీయ రాజ్యము శత్రువుల పాలు గాకుండ నిలిపిన పురుషుడితడే. శాలివాహన శకము 1135, అనగా క్రీస్తుశకము 1213, శ్రీముఖ సంవత్సర చైత్రమాసమున దేవుని ప్రతిష్ఠించినట్లు ఆవరణలోని శిలాశాసనము చెప్పుచున్నది. నక్షత్రాకారమైన యెత్తరుగు, ఎఱ్ఱని యిసుకరాతి గోడలు, వానికి నడుమ అద్దమువలె మెఱయు నల్లరాతి స్తంభములు, చూరుక్రింద వంగి నిలిచిన మదనికలు చూచినవారు మఱచునవి కావు. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ దీనిని 2021వ సంవత్సరము జులై 25వ తేదీన ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది.

అయినను చూపువారు చూపు విధమొకటి యున్నది. నీట తేలు నిటుకలను గూర్చి చెప్పుదురు. మీటిన మ్రోగు శిల్పమును మీటి వినిపింతురు. ఎత్తుమడమల పాదుకలు దొడిగిన మదనికను చూపి, ఆడువారిని నవ్వింతురు. ఇటుకలు తేలుట నిజమే. గోపురభారము తగ్గుటకై రంధ్రములు గల తేలిక యిటుకలను కాల్చిరి. కాని పునాది గోతిని ఇసుకతో నింపి యింతటి రాతిబరువును దానిపై నిలిపిన నేర్పును గూర్చి యడుగువారు తక్కువ. ఆ నాట్యశిల్పములను జాయపసేనాని 1253-54 ప్రాంతమున రచించిన నృత్తరత్నావళితో సరిపోల్చి, నటరాజ రామకృష్ణగారు మఱుగుపడిన పేరిణి నాట్యమును మరల రంగస్థలమునకు తెచ్చిరన్న సంగతియు అచ్చట వినబడుట యరుదు. ఆ సంగతి తెలిసిన యాడుబిడ్డ మదనిక పాదుకలను మాత్రమే కాక, పాదముల నిలుకడను గూడ చూచును.

గుడికి రామప్ప యను పేరు శిల్పిది యని జనశ్రుతి. శాసనమున నా పేరు లేదు. ధనమిచ్చినవాని పేరు రాతికెక్కగా, ఉలిపట్టినవాని పేరు జనుల నోట నిలిచినదని చెప్పుకొనుట మాకు నిష్టమే; కాని యిష్టమైనదెల్ల చరిత్ర కాదు.

ఇక మేము విడిచిపెట్టిన తక్కిన పాళ్ళ మాట. గుడికి దగ్గఱనే కొండల నడుమ కట్టవేసి నిలిపిన రామప్ప చెఱువు గలదు. కాకతీయులును వారి సామంతులును ఊరు, గుడి, చెఱువు అను మూటిని నొక్కచోట నెలకొల్పుట వాడుక. పాకాల, లక్నవరము మొదలగు చెఱువులు నా కాలమువే. వాన కురిసిన నాలుగు నెలల నీటిని కొండలోయలయందు బంధించి, తూముల ద్వారమున తక్కిన నెలలకు పంచుట వీని పని. జీవనది లేని మెట్టసీమయం దిట్టి చెఱువు లేనిచో ఊరు లేదు. ఊరు లేనిచో గుడిలో దీపము లేదు. పూర్వము గుడి గడప దాటనీయని కులములవారి మళ్ళకు నీ నీరు పాఱినది. గర్భగుడి చేయని పనిని తూము చేసినది. ఎనిమిది వందల యేండ్లు గడచినను ఈ చెఱువు క్రింద నేటికిని వేలకొలది యెకరములు పండుచున్నవి.

ఒకమాఱు మా మేనత్తగారు గుడి చూచిన తరువాత కట్టమీదికి వచ్చి, తూము దగ్గఱ నిలిచిన నీరటివానిని, "నాయనా, ఏ పొలమునకు ముందు విడుతువు?" అని యడిగిరి. అతడు కాలువ చివరి మళ్ళు మొదలుకొని వంతుల లెక్క యంతయు చెప్పెను. ఆమె వ్యవసాయపుటింట పుట్టిన మనిషి, అరగంట కదలలేదు. గుడిలో నంతసేపు నిలువలేదని మేమెఱుగుదుము.

పరదేశములందు నీటికట్టడములను చూచుటకు జనులు పనిగట్టుకొని పోవుదురు. మధ్యధరా సముద్రతీరమున స్పెయిను దేశములో తర్రగోన యను పట్టణము గలదు. రోమనుల నాటి కోటగోడలు, కడలి యొడ్డున కట్టిన వలయాకారపు క్రీడారంగము, దేవాలయపు టరుగులు నచ్చటి వింతలు. వీనితోబాటు యాత్రికులకు తప్పక చూపునది యూరికి వెలుపలి నీటివంతెన. రెండంతస్తుల కమానులతో, 217 మీటరుల పొడవున, 27 మీటరుల యెత్తున లోయకు అడ్డముగా నిలిచి, యది యొకప్పుడు పట్టణమునకు నీరు తెచ్చెడిది. కట్టినవారిని మఱచిన జనులు దానిని దయ్యపు వంతెన యనిరి. తర్రగోన శిథిలములు 2000వ సంవత్సరమున ప్రపంచ వారసత్వమున చేరినప్పుడు వంతెనయు చేరినది. అందిప్పుడు నీరు పాఱుటలేదు. మన చెఱువులో నీరున్నది, పైరున్నది. చూచుటకు మాత్రము మేమెవ్వరిని తీసికొనిపోలేదు.

పాలంపేటకు చేరువనున్న గణపురమును నిట్టిదే. అచ్చట గణపసముద్రమను చెఱువును, ప్రాకారము నడుమ నిరువదిరెండు గుళ్ళ సముదాయమైన కోటగుళ్ళును గలవు. పెద్దగుడి గణపేశ్వరునిది. ఏనుగునెక్కిన గజకేసరి శిల్పములు ఇచ్చటి విశేషము. రామప్పకు వచ్చు జనములో నిచ్చటికి వచ్చువారు కొలదిమంది. అందువలన నిచ్చట చూపు నిలుపుటకు తీరిక యెక్కువ. కొన్ని గుళ్ళు కూలినవి; విగ్రహములు కొన్ని విఱిగి పడియున్నవి. కాలము కూల్చిన దానికి మందులేదు. కాని విగ్రహము క్రింద నిధి యుండునని సోదెగాండ్ర మాట నమ్మి, తెలంగాణమున పాడుగుళ్ళ పీఠములను త్రవ్వినవారు మనవారే. రాజు దాచిన నిధి రాత్రివేళ గడ్డపారకు దొరకునది కాదు. అది కట్టక్రింద నేటేట పండుచున్నది. ఈ మాట పిల్లలకు చెప్పవలసినది పాఠశాలలో కాదు, ఆ చెఱువుగట్టుమీదనే.

వ్రాయుచు వ్రాయుచు మాకే సిగ్గు కలిగించిన సంగతి యొకటి గలదు. మా చిట్యాల మండలములోనే నైనపాక యను గ్రామమున సర్వతోభద్ర మను పద్ధతిని నాలుగు దిక్కులకు నాలుగు వాకిళ్ళతో కట్టిన యాలయ మున్నది. లోన నొక్క రాతినే నాలుగువైపుల మలచి, నరసింహుడు మొదలగు దేవతలను చెక్కిరి. ఏ వాకిట ప్రవేశించిన నా వాకిటికి ఎదురుగా నొక మూర్తి కనబడును. ఊరిప్రక్కది కావున మేము చూడ్కి యిడలేదు. రేగొండ దగ్గఱి పాండవుల గుట్టల సంగతియు నట్టిదే. కొండచరియల క్రింద ఆదిమానవులు వ్రాసిన ఎఱ్ఱ, పచ్చ, తెలుపు వన్నెల బొమ్మలు, వానిలో దున్నలు, లేళ్ళు, పులులు, 1990లో గాని లోకమునకు తెలియలేదు. మేకలకాపరులు మాత్రము వాని నీడను కూర్చుండి చల్ది తినుచునే యుండిరి.

ఇకమీద మా యింటికి వచ్చువారితో మేము నైనపాకకు మొదట పోయి, పాండవుల గుట్టలెక్కి, గణపురమున పగటి భోజనము చేసి, పొద్దు వాలుటకు ముందు పాలంపేట చేరవలెనని యనుకొనుచున్నాము. ఆశ్వయుజమున వచ్చినవారికి చెఱువు నిండియుండును. గుడి చూచిన తరువాత కట్టమీదికి రావలెను. తూము దగ్గఱ నీరటివాడుండిన నాతనిని పలుకరింపవలెను.