ఇరవై ప్రశ్నల్లో అమ్మ

2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3,000 మంది పిల్లలతో ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం మొదలైంది. ఎంచుకున్న జిల్లాల్లో అనంతపురం ఒకటి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పుడు ఆ జిల్లాలోనివే. అదే పిల్లల దగ్గరకు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లడం దాని పద్ధతి. మొదటి విడతలోనే తల్లుల మానసిక స్థితినీ అడిగారు: ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 20 ప్రశ్నలు, గత 30 రోజుల గురించి, జవాబు అవును లేదా కాదు.

పిల్లల చరిత్రలో తల్లి దిగులుకు చోటివ్వడం నాకు విలువైనదిగా తోస్తుంది. అయినా ధర్మవరంలో మగ్గమున్న ఇంట పొద్దుపోయేదాకా కండెలు చుట్టే ఆమె ‘తలనొప్పి ఉంది’ అంటే అది దిగులా, అలసటా? రెండింటికీ ఒకటే మార్కు. ఆమె పనిని పనిగానే లెక్కించని ఇంట్లో ‘రోజువారీ పని దెబ్బతింటోందా’ అంటే ఆమె ఏ పనిని తలుచుకోవాలి? అంకె వద్దనను. దాని పక్కన ఆమె మాట కూడా రాయమంటాను. మన చరిత్ర పోగొట్టుకున్నది ఆ మాటనే.