చుట్టరికం లేని నెత్తురు

1908లో న్యూయార్క్‌లో ఒక రాత్రి. పుట్టి అయిదు రోజులైన ఆడపిల్లకు నెత్తురు కారుతోంది, ఎంతకీ ఆగడం లేదు. ఒళ్లంతా పాలిపోయింది. తండ్రి స్వయంగా సర్జన్, అయినా ఏం చేయాలో పాలుపోలేదు. రక్తనాళాలను సన్నని దారంతో కుట్టడంలో దిట్ట అని పేరుపడ్డ అలెక్సిస్ కారెల్‌ను ఇంటికి పిలిపించారు. తండ్రి పక్కన పడుకుని చెయ్యి చాపాడు. కారెల్ ఆయన మణికట్టు దగ్గర ధమనిని పైకి తీసి, పసిదాని మోకాలి వెనక సిరకు కలిపి కుట్టేశాడు. తండ్రి గుండె కొట్టుకున్నప్పుడల్లా నెత్తురు కూతురి ఒంట్లోకి పారింది. ఎంత పారిందో కొలిచే సాధనం లేదు. తెల్లబడిన చర్మం మళ్లీ ఎర్రబారేదాకా చూడటమే కొలత. పిల్ల బతికింది.

రక్తసంబంధం అనే మాట ఆ రాత్రి సూదీదారంతో కుట్టినట్టు కళ్లకు కట్టింది. రక్తదానం కథ మాత్రం అక్కడ మొదలూ కాలేదు, అక్కడ ఆగనూ లేదు. ఆ కుట్టు విప్పి, ఇచ్చేవాణ్ని పుచ్చుకునేవాడి నుంచి ఒక్కో అడుగే దూరం జరుపుకుంటూ రావడమే ఆ కథంతా.

గొర్రెపిల్లతో మొదలు

నెత్తురు ఒంట్లో తిరుగుతూ ఉంటుందని విలియం హార్వే 1628లో రాశాక, ఒకరిది తీసి మరొకరికి ఎక్కిస్తే ఏమవుతుందన్న ఆలోచన రావడానికి ఎంతోకాలం పట్టలేదు. ఇంగ్లండులో రిచర్డ్ లోయర్ ఒక కుక్క నెత్తురు ఇంకో కుక్కకు ఎక్కించి చూశాడు. 1667 జూన్‌లో పారిస్ వైద్యుడు జాన్ బాటిస్ట్ డెనీ మరో అడుగు ముందుకేసి, 15 ఏళ్ల కుర్రాడికి గొర్రెపిల్ల రక్తం ఎక్కించాడు. ఎక్కింది కొద్దిగానే కాబట్టి కుర్రాడు గట్టెక్కాడు.

ఆనాటివాళ్ల దృష్టిలో రక్తమంటే గుణం. సాధుజంతువు నెత్తురు ఎక్కితే మనిషీ సాధువవుతాడని నమ్మకం. ఆ నమ్మకంతోనే మతి చలించి వీధులు పట్టుకు తిరిగే ఆంట్వాన్ మోర్వాకు దూడ రక్తం ఎక్కించారు. కొన్నాళ్లకు అతను చనిపోయాడు, గొడవ కోర్టుకెక్కింది. విషప్రయోగం నింద అతని భార్య మీద పడి డెనీ బయటపడ్డాడు గానీ, ఆ చికిత్సకు మాత్రం తలుపులు మూసుకున్నాయి. దాదాపు 150 ఏళ్లు ఎవరూ దాని జోలికి పోలేదు.

మళ్లీ తలుపు తట్టింది లండన్ ప్రసూతి వైద్యుడు జేమ్స్ బ్లండెల్. కాన్పయ్యాక నెత్తురు ఆగక బాలింతలు కళ్ల ముందే పోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు. మనిషికి మనిషి రక్తమే ఎక్కించాలని పట్టుబట్టి, 1818లో మొదటి ప్రయత్నం చేశాడు. ఆ రోగి దక్కలేదు. 1829లో ఆయన ఒక బాలింతను బతికించిన వైనం లాన్సెట్ పత్రికలో అచ్చయింది. అయితే ఒకరికి అమృతమైన నెత్తురు ఇంకొకరికి ఎందుకు విషమవుతుందో ఆయనకూ అంతుపట్టలేదు.

విరిగిన పాలలా

ఆ ముడి విప్పింది వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్. తనదీ, ప్రయోగశాలలో తన తోటివాళ్లదీ నెత్తురు తీసి, పైన తేరిన తేటను వేరుచేశాడు. ఒకరి ఎర్రకణాలను ఇంకొకరి తేటలో కలిపాడు. కొన్ని హాయిగా కలిసిపోయాయి, కొన్ని విరిగిన పాలలా ముద్దకట్టాయి. ఏది ఎవరితో పొసగిందో, ఏది పొసగలేదో 1901లో పట్టిక వేస్తే ఎ, బి, సి అని మూడు గ్రూపులు తేలాయి. సి తర్వాత ఓ అయింది. మరుసటి ఏడాది ఆయన తోటి పరిశోధకులు ఎబిని పట్టుకున్నారు. 1930లో లాండ్‌స్టైనర్‌కు నోబెల్ వచ్చింది. ఆయన పుట్టినరోజు జూన్ 14నే ఇప్పుడు ప్రపంచ రక్తదాతల దినోత్సవం జరుపుకుంటున్నాం.

ఆ చిన్న పట్టిక మన చుట్టరికాల లెక్కను తారుమారు చేసింది. తండ్రిది ఎ, తల్లిది బి అయితే వాళ్ల పిల్లలు నాలుగు గ్రూపుల్లో ఏదైనా కావచ్చు. ఒక కడుపున పుట్టిన అన్న నెత్తురు తమ్ముడి ప్రాణం తీయొచ్చు. బస్టాండులో పక్కన నిలబడ్డ ఊరూ పేరూ తెలియని మనిషిది ఆ ప్రాణం నిలబెట్టొచ్చు. 1952లో బొంబాయిలో వై.ఎం. భెండే బృందం ఇంకో చిత్రం బయటపెట్టింది. మామూలు పరీక్షలో ఓ గ్రూపులా కనబడుతూ, ఆ ఓ రక్తం కూడా పడని మనుషులున్నారు. వాళ్లది బాంబే గ్రూపు. వాళ్లకు మళ్లీ అదే గ్రూపువాళ్లు దొరకాల్సిందే, అన్నయినా అపరిచితుడైనా.

నిమ్మ పులుపు చేసిన మేలు

గ్రూపు కలిసినా గడ్డకట్టడం అనే బెడద పోలేదు. బయటికొచ్చిన నెత్తురు నిమిషాల్లో గడ్డకడుతుంది. అందుకే ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ పక్కపక్కన ఉండితీరాలి. 1914లో బ్రస్సెల్స్‌లో ఆల్బర్ట్ హుస్టిన్, బ్యూనస్ ఎయిరిస్‌లో లూయిస్ అగోటె ఎవరికి వారుగా సోడియం సిట్రేట్ కలిపి చూశారు. నిమ్మకాయకు పులుపునిచ్చే సిట్రిక్ ఆమ్లం నుంచి వచ్చే లవణమిది. గడ్డకట్టాలంటే రక్తంలోని కాల్షియం కావాలి. సిట్రేట్ దాన్ని పట్టి ఉంచుతుంది. రోగికి హాని చేయని మోతాదు ఎంతో 1915లో రిచర్డ్ లూయిసోన్ తేల్చాడు. ఆ మరుసటి ఏడాది రౌస్, టర్నర్ దానికి కాస్త చక్కెర చేర్చి, కణాలు ఎక్కువ రోజులు బతికేలా చేశారు. 1917లో అమెరికన్ సైనిక వైద్యుడు ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ ఫ్రాన్స్ యుద్ధరంగంలో రక్తం సీసాలను మంచు పెట్టెల్లో దాచి, క్షతగాత్రులకు వాడాడు. ఇచ్చినవాడెవడో పుచ్చుకున్నవాడికి తెలియనక్కర్లేని కాలం వచ్చేసింది.

ఇంట్లో ఫోను, పెట్టెలో కార్డులు

శాస్త్రం చేయగలిగింది చేసింది. మరి సీసా నింపేదెవరు? డబ్బుకు అమ్మేవాళ్లున్నారు. లేదంటే రోగి చుట్టాలే చెయ్యి చాపాలి. మూడో దారి చూపించినవాడు డాక్టరు కాదు, దక్షిణ లండన్‌లో కాంబర్‌వెల్ రెడ్‌క్రాస్ శాఖకు కార్యదర్శిగా ఉన్న పెర్సీ ఆలివర్ అనే గుమస్తా. 1921లో దగ్గర్లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి నుంచి ఆయనకు ఫోనొచ్చింది. రోగికి అర్జెంటుగా రక్తం కావాలి, మీవాళ్లెవరైనా ఇస్తారా అని. ఆలివర్ కొందరు వాలంటీర్లను వెంటబెట్టుకెళ్లాడు. వాళ్లలో ఒక నర్సు గ్రూపు సరిపోయింది.

అంతటితో మరచిపోయి ఉంటే అదొక మంచిపనిగా మిగిలిపోయేది. ప్రాణం మీదికొచ్చాక మనుషులను వెతకడమేమిటని ఆలివర్‌కు తోచింది. ఇవ్వడానికి సిద్ధపడ్డ ఊరివాళ్ల గ్రూపులు ముందే పరీక్ష చేయించి, తలా ఒక కార్డు రాసి పెట్టుకున్నాడు. ఆఫీసూ ఆయన ఇల్లే. ఆసుపత్రి నుంచి ఫోను మోగితే భార్యాభర్తలు కార్డులు తిరగేసి, గ్రూపు కలిసి దగ్గర్లో ఉన్నవాళ్లకు కబురు పెట్టేవారు. దాతకు పైసా ముట్టదు. ఆ రోజుల్లో కొందరు డాక్టర్లు సిరను కోసి తెరిచి రక్తం తీసేవారు. అలా కోసిన సిర మళ్లీ పనికిరాదు. నా దాతలకు కత్తి తగలకూడదు, సూదితోనే తీయాలని ఆలివర్ పేచీ పెట్టాడు. ఆయనకు వైద్యసలహాలిచ్చిన సర్జన్ జెఫ్రీ కీన్స్, ఆర్థికవేత్త కీన్స్‌కు సొంత తమ్ముడు. కొన్నేళ్లకు ఆ కార్డుల పెట్టె రెడ్‌క్రాస్ సర్వీసుగా ఎదిగింది. ఇప్పుడు మన ఫోనులో అర్ధరాత్రి వాట్సాప్‌కొచ్చే 'ఓ నెగటివ్ అర్జెంట్' మెసేజీకి మూలపురుషుడు ఆ గుమస్తాయే.

బ్యాంకు అన్నాక లెక్క తప్పదు

1937లో షికాగోలో కుక్ కౌంటీ ఆసుపత్రి వైద్యుడు బెర్నార్డ్ ఫాంటస్ రక్తం నిల్వచేసే విభాగం పెట్టాడు. మొదట పొడుగాటి ప్రయోగశాల పేరొకటి అనుకుని, చివరికి బ్లడ్ బ్యాంకు అన్నాడు. పేరు నాలుక్కి పట్టేసింది. పేరుతోపాటు బ్యాంకు బుద్ధీ వచ్చింది. వేస్తేనే తీసుకోవాలి. మన ఆసుపత్రుల్లో వినబడే "రెండు ప్యాకెట్లిస్తాం, మీవాళ్లనిద్దరిని పంపండి" అన్న మాటకు మూలం ఆ ఖాతా పుస్తకంలోనే ఉంది.

మన దేశంలో తొలి బ్లడ్ బ్యాంకు రెండో ప్రపంచయుద్ధ కాలంలో కలకత్తాలోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్‌లో వెలిసింది. ఊళ్లూ ఆసుపత్రులూ పెరిగేకొద్దీ ఆ ఇద్దరిని తేలేనివాళ్లూ పెరిగారు. పల్లె నుంచి బస్సెక్కి భార్యను తెచ్చినవాడికి పట్నంలో ఎవరున్నారు? ఆ సందులో దళారీ దూరాడు. పూట గడవని కూలీలు, మత్తుకు అలవాటుపడ్డవాళ్లు నెలలో ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు వచ్చి సీసా నింపేవారు. వాళ్ల ఒంట్లోనే రక్తం లేదు, ఉన్నదాంట్లో ఏ రోగముందో తెలియదు. 1980ల్లో ఎయిడ్స్ వచ్చాక అది చేతిలో పేలే బాంబైంది. చండీగఢ్‌లో ఏళ్ల తరబడి రక్తదానాన్ని ప్రచారం చేసిన కాంతా స్వరూప్ కృష్ణ, కామన్ కాజ్ సంస్థ తరఫున హెచ్.డి. శౌరీ పోరాడిన ఫలితంగా 1996 జనవరి 4న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1998 జనవరి 1 నుంచి దేశంలో రక్తం అమ్ముకోవడం నిషిద్ధం. ఇప్పుడు మనం కట్టేది పరీక్షలకీ, నిల్వకీ అయ్యే ఖర్చు మాత్రమే.

అమ్మకం ఆగితే ఆ ఖాళీ నిండాలి. అదే ఏడాది అక్టోబరు 2న హైదరాబాద్‌లో చిరంజీవి బ్లడ్ బ్యాంకు మొదలైంది. కటౌట్లకు పాలు పోసే అభిమానం చొక్కా చెయ్యి మడిచి వరసలో నిలబడింది. హీరో పుట్టినరోజంటే రక్తదాన శిబిరం అన్నది తెలుగునాట వాడుకైపోయింది. ఆ ఏడాదే అదే నగరంలో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పుట్టింది. తలసీమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కాలి. అన్నిసార్లు ఇవ్వడానికి ఏ ఇంట్లోనూ అంతమంది చుట్టాలుండరు. కాలేజీలు మూసే మే నెలలో శిబిరాలు తగ్గిపోతాయి. ఆ పిల్లల జబ్బుకు వేసవి సెలవులుండవు.

మైలుతుత్తం నీళ్లలో ఒక చుక్క

ఈమధ్య మా వీధి చివర ఫంక్షన్ హాలులో శిబిరం పెడితే వెళ్లాను. ముందు బరువు చూశారు, 45 కిలోలు దాటాలి. తర్వాత వేలికొసన పొడిచి ఒక చుక్కను నీలం నీళ్ల గ్లాసులో వదిలారు. అవి మైలుతుత్తం నీళ్లు. మా నాన్న ద్రాక్షతీగలకు కొట్టే మందులో కలిపేదే అది. చుక్క తేలితే హిమోగ్లోబిన్ చాలనట్టు, ఇంటికి పొమ్మంటారు. మునిగితే 12.5 దాటినట్టు. నా చుక్క ఒక క్షణం తటపటాయించి, బుడుంగున దిగింది.

ఖాళీ సంచి అనుకున్నానుగానీ అందులో అప్పటికే నీళ్లలాంటి ద్రవం ఉంది. 350 మిల్లీలీటర్ల రక్తానికి 49 మిల్లీలీటర్లు. హుస్టిన్, అగోటెల సిట్రేట్, రౌస్, టర్నర్ల చక్కెర అందులోనే ఉన్నాయి. రబ్బరు బంతి నొక్కుతూ పడుకుంటే, సంచి చిన్న తక్కెడ మీద ఊయలూగుతూ నిండింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత అది ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మాగా విడిపోతుంది. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే నిలుస్తాయి. మగవాళ్లు మూణ్నెల్లకూ, ఆడవాళ్లు నాలుగు నెలలకూ మళ్లీ ఇవ్వొచ్చు.

బిస్కెట్లు తింటూ అక్కడి డాక్టరుగారిని అడిగాను, అసలు ఇంట్లోవాళ్ల రక్తమే మేలు కదా అని. ఆయన నవ్వి, దగ్గరి చుట్టాలదైతే రేడియేషన్‌లో పెట్టాక గానీ ఎక్కించరు అన్నారు. పోలికలు కలిసిన తెల్లకణాలను రోగి ఒళ్లు పరాయివని గుర్తుపట్టకపోవచ్చు. అవి అక్కడే తిష్ఠవేసి, చోటిచ్చిన ఇంటినే కూలుస్తాయి. అరుదే, వస్తే మాత్రం బతకడం కష్టం.

నాకు న్యూయార్క్ పాప గుర్తొచ్చింది. అలాంటి నెత్తురుపోతను ఇవాళ పుట్టగానే వేసే విటమిన్ కె సూదితో ముందే ఆపుతున్నారు. ఒకవేళ రక్తమే కావలసివచ్చి తండ్రి చెయ్యి చాపితే, వద్దనరు. పడుకోమని, నింపుకున్న సంచి మీద నంబరు వేసి, వేరెవరి పిల్లకోసమో ఫ్రిజ్‌లో పెడతారు. ఆయన పాపకు ఎవరిదో, ఏ వీధివాడిదో, నంబరు తప్ప పేరు లేని సంచి తెచ్చి తగిలిస్తారు.