సుబ్బారావుగారి రెండు మాత్రలు

కీళ్లవాతం అంటే ముసలితనంలో మోకాళ్లు అరగడమేనని అనుకునేవారు మనలో ఎక్కువ. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అది కాదు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారి తప్పి కీళ్ల లోపలి పొర మీద పడుతుంది. వేళ్లను ఆడించే టెండన్ల చుట్టూ కూడా అటువంటి పొరే ఉంటుంది కనుక, కీళ్లతో పాటు అవీ వాచి బిగుసుకుపోతాయి. ఖాతాదారు సంతకాన్ని నమూనాతో పోల్చి చూడడం బ్యాంకులో నా పని. ఈ జబ్బు వచ్చాక పొద్దుటిపూట నేను చేసే సంతకం నా నమూనాకే సరిపోకుండా పోయింది.

ఈ జబ్బును 1800లో పారిస్‌లో లాంద్రే బోవే తన సిద్ధాంత వ్యాసంలో వర్ణించాడు. 1859లో లండన్ వైద్యుడు గారడ్ నేటి పేరు పెట్టాడు. పేరు దొరికింది గాని మందు దొరకలేదు. 1929లో ఫ్రాన్సులో ఫొరెస్టియే బంగారు లవణాలు వాడి చూశాడు. 1948 సెప్టెంబరులో అమెరికాలో హెంచ్ బృందం కార్టిసోన్ ఇస్తే, కదలలేని రోగి కొద్దిరోజుల్లో లేచి నడిచింది. 1950లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కాని ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయని తరువాత తెలిసింది.

అసలు మందు అప్పటికే పుట్టి ఉంది. దాని వెనక ఉన్నది మనవాడే. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలోనూ మెడికల్ కాలేజీలోనూ చదివిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో అమెరికా వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు. సోదరులిద్దరిని పొట్టన పెట్టుకున్న స్ప్రూ వ్యాధి ఆయన మనసులో ఉండనే ఉంది. లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ వెంటనే దానికి అడ్డుపడే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. బోస్టన్‌లో ఫార్బర్ అమినాప్టెరిన్‌ను పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడి 1948లో ఫలితాలు ప్రకటించాడు. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

1951లో గుబ్నర్ అదే అమినాప్టెరిన్‌ను కీళ్లవాత రోగులకు ఇచ్చి మంచి గుణం చూశాడు. కార్టిసోన్ వెలుగులో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. 1980లలో మెథోట్రెక్సేట్‌ను పద్ధతిగా పరీక్షించారు. 1988లో అమెరికా ప్రభుత్వం ఈ జబ్బుకు దాన్ని అనుమతించింది.

నేడు ఈ రోగుల్లో చాలామందికి వైద్యులు మొదట రాసే మందు ఇదే. వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్. దాని వల్ల కలిగే నోటిపూత, వికారం తగ్గడానికి వేరే రోజు ఫోలిక్ ఆమ్లం. ఒకటి ఖర్చు, ఒకటి జమ. రెండు పద్దులూ ఒకే ప్రయోగశాలవి.

“అయ్యో, అది క్యాన్సర్ మందటగా!” అని ఎవరో అనగానే భయపడి మానేసేవారున్నారు. క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు చాలా పెద్దది. కీళ్లకిచ్చేది సాధారణంగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. భయపడవలసింది మరొకటి ఉంది: వారపు మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులకు ఇది పనికిరాదు. రక్తపరీక్షలు తప్పకూడదు. మా ఇంట్లో క్యాలెండర్ మీద ఆదివారానికి ఎర్రసిరాతో సున్న చుట్టి ఉంటుంది. మీ ఇంట్లోనూ ఈ మందు వాడేవారుంటే అలా ఒక రోజుకు గుర్తు పెట్టండి.