ఆరు నెలల చదువు, దాని జమాఖర్చు

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దల మాట. సెమిస్టర్ అనే మాటకు లాటిన్‌లో మూలార్థం కూడా ఆరు నెలలే. ఈ సంగతి నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. బ్యాంకులో విద్యారుణాల సీటులో కూర్చున్నాక, దరఖాస్తుల మీద ఆ మాట పదే పదే కనబడుతుంటే నిఘంటువు తీసి చూశాను.

రుణం ఫారంలో కోర్సు పేరు, కాలం, చివర వచ్చే డిగ్రీ అని గళ్ళుంటాయి. పై దేశంలో రెండేళ్ళు ఎం.ఎస్. చదివేవాడికి ఆ గళ్ళు చక్కగా సరిపోతాయి. ఒక్క సెమిస్టర్ చదివి తిరిగొచ్చేవాడికి మూడో గడి ఖాళీ. ఒకసారి మా బరంపురం పట్టుచీరల వర్తకుడొకాయన కొడుకు కాగితాలు పట్టుకొచ్చి, "ఆరు నెలలకి డిగ్రీ రాదు, ఉద్యోగమూ రాదు. మరి దేనికండీ వెళ్ళడం?" అని అడిగాడు. ఆ పూటకి నోటికొచ్చిన జవాబేదో చెప్పి పంపేశాను గాని, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను చరిత్ర చదివినవాణ్ణి కాను, ఉత్త బి.కాం. వాణ్ణి. అందుచేత ఈ కథంతా నాకు ఖాతాపుస్తకంలాగే కనబడింది. పాఠకులు మన్నించాలి.

విదేశాల చదువు అనగానే మా ఊళ్ళో పెద్దలకు మొదట గుర్తొచ్చేది వి.వి. గిరి గారు. 1894లో బరంపురంలో పుట్టి, 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. అక్కడ ఐరిష్ స్వాతంత్ర్యోద్యమం వాళ్ళతో కలిసి తిరిగి, 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. ఆ తరం చదువులన్నీ ఆ తీరువే. ఓడ ఎక్కితే చదువూ అక్కడే, పరీక్షలూ అక్కడే, లెక్కా అక్కడే. ఇంటి దగ్గరి కాలేజీకి దానితో నిమిత్తం లేదు. ఒక్క సెమిస్టర్ చదువు అలా కాదు. చదివేది అక్కడ, పట్టా ఇచ్చేది ఇక్కడ. ఒక ఊరి బ్యాంకులో కట్టిన సొమ్మును ఇంకో ఊరి బ్యాంకు తన పుస్తకంలో జమ వేసుకోవడం లాంటిదన్నమాట. ఓడలు, విమానాలు, స్కాలర్‌షిప్పులు ఎప్పుడో వచ్చాయి. ఆ జమ పడడానికే ఏళ్ళూ పూళ్ళూ పట్టింది.

చదువు కోసం దేశాలు తిరగడం యూరప్‌కు పాత సంగతే. ఇటలీలో బొలోన్యా పట్టణానికి దూరదేశాల నుంచి న్యాయశాస్త్ర విద్యార్థులు వచ్చేవారు. ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి వాళ్ళ రక్షణ కోసం చేసిన శాసనం 1158లో స్థిరపడింది. అందులో ఒక అంశం చూసి నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఒక దేశపు వాడు బాకీ ఎగవేస్తే, ఆ బాకీ కోసం అదే దేశం నుంచి వచ్చిన విద్యార్థిని పట్టుకోకూడదట! అంతకుముందు పట్టుకునేవాళ్ళన్నమాటే గదా. పారిస్‌లోనేమో ఆర్ట్స్ విభాగం వాళ్ళు ఫ్రెంచి, పికార్డీ, నార్మన్, ఇంగ్లీషు అని నాలుగు 'జాతులు'గా కూడేవారు. పరాయిచోట స్వభాష వాళ్ళు ఒక గూటికి చేరడం ఈ పత్రిక చదివే మనకు వేరే వివరించనక్కర్లేదు. ఆనాడు చదువు లాటిన్‌లోనే కాబట్టి ఒకచోట విన్న పాఠం ఇంకోచోట పనికొచ్చేది. ఎరాస్మస్ పండితుడు పారిస్‌లో చదివి, 1506లో ఇటలీలోని ట్యూరిన్‌లో డాక్టరేట్ పుచ్చుకుని, లూవెన్, కేంబ్రిడ్జి తిరిగి, చివరికి 1536లో స్విస్ పట్టణం బాసెల్‌లో కన్నుమూశాడు. ఈయన పేరు మళ్ళీ వస్తుంది.

ఇప్పటి పద్ధతికి నాంది పలికింది అమెరికా. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో పనిచేసి వచ్చిన రేమండ్ కర్క్‌బ్రైడ్ అనే యువ ఆచార్యుడు డెలవేర్ విశ్వవిద్యాలయంలో భాషలు బోధించేవాడు. మూడో సంవత్సరం విద్యార్థులను ఫ్రాన్సు పంపుదామని 1921లో ప్రతిపాదించాడు. అధ్యక్షుడు హలిహెన్ సరేనన్నాడు గాని విశ్వవిద్యాలయం డబ్బివ్వలేదు. ఆయన పియర్ డ్యూపాంట్ వంటి ధనికుల దగ్గర చందాలు పోగుచేశాడు. 1923 జులై 7న ఎనిమిది మంది విద్యార్థులు న్యూయార్క్‌లో ఓడ ఎక్కారు. నాన్సీలో కొన్ని వారాలు ఫ్రెంచి సానపెట్టుకుని, పారిస్ వెళ్ళి సోర్బోన్‌లో చదివారు. అమెరికన్లు ఫ్రాన్సు వెళ్ళడం వింత కాదు. ఆ చదివిన ఏడాది వాళ్ళ నాలుగేళ్ళ డిగ్రీలో ఒక ఏడాదిగా లెక్కకు రావడమే వింత. రెండేళ్ళకల్లా, 1925లో, స్మిత్ మహిళా కళాశాల కూడా తన అమ్మాయిలను పారిస్ పంపింది.

ఇక అసలు కథలోకి వస్తాను. సోఫియా కొర్రాడీ రోమ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర విద్యార్థిని. ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళి, మాస్టర్స్ పట్టాతో 1958లో తిరిగొచ్చింది. రోమ్‌లో డిగ్రీకి ఇంక కొద్ది పరీక్షలే మిగిలాయి. అక్కడ చదివినవి ఇక్కడ పరిగణించండని అడిగింది. కార్యాలయంలో ఒప్పుకోలేదు. పైగా నలుగురి ముందూ ఎగతాళి చేసి, షికార్లు మాని చదువుకోమన్నట్టు మందలించారని ఆవిడే తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. మిగిలిన పరీక్షలన్నీ రాయక తప్పలేదు.

ఈ ఘట్టం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు వీధి అరుగు మీద కూర్చున్నాను. నాది విదేశం కాదు, విశాఖపట్నం. ఇంటర్ అయ్యాక 1988లో అక్కడ ఒక కాలేజీలో బి.కాం. చేరాను. మొదటి సంవత్సరం మంచి మార్కులతో పాసయ్యాను. ఇంతలో మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఇంటికి పెద్దకొడుకుని, తిరిగొచ్చేశాను. మా వైపు ఒక కాలేజీలో రెండో సంవత్సరంలో చేరతానని మార్కుల జాబితా తీసుకెళ్ళాను. సిలబస్ వేరు, పేపర్లు వేరు, వేరే రాష్ట్రం అన్నారు. డెబిట్ ఎడమపక్క, క్రెడిట్ కుడిపక్క. అది సముద్రతీరం పొడుగునా ఒకటే గదా అన్నాను. గుమస్తా నవ్వాడు గాని కాగితం తీసుకోలేదు. మూడు నెలలు తిరిగి తిరిగి, మళ్ళీ మొదటి సంవత్సరంలోనే కూర్చున్నాను. నా తమ్ముడి ఈడు పిల్లల పక్కన, తెలిసిన పాఠమే మళ్ళీ విన్నాను. ఆ ఏడాది వెనకబాటు తర్వాత బ్యాంకు సీనియారిటీ జాబితాలో కూడా నా వెంట నడిచింది. నాతో ఇంటర్ చదివినవాడు నాకు మేనేజరుగా వచ్చిన రోజున నాన్నగారు మంచంలో అటు తిరిగి పడుకున్నారు.

మా ప్రాంతానికి ఇదొక విడ్డూరం కూడా. మా ఖల్లికోట కాలేజీ ఉన్నచోటే ఉంది. మద్రాసు, ఆంధ్ర, ఉత్కళ విశ్వవిద్యాలయాలు వరసగా దాని మీదుగా మారిపోయాయి. 1967లో బరంపురం విశ్వవిద్యాలయం వచ్చింది. 1936లో రాష్ట్రం సరిహద్దు గీసినప్పుడు మనుషులెవరూ కదల్లేదు. నేను ఆ గీత ఒకసారి దాటి వచ్చినందుకు ఒక ఏడాది పోయింది.

నేను నోరు మూసుకుని చదువుకున్నాను. కొర్రాడీ ఊరుకోలేదు. ఇటలీ విశ్వవిద్యాలయాల రెక్టర్ల సంఘంలో సలహాదారుగా పనిచేస్తూ, విదేశంలో చదివిన చదువును ఇంటి డిగ్రీలో లెక్క కట్టాలని 1969లో ఒక పత్రం తయారుచేసింది. మన గిరి గారు రాష్ట్రపతి అయిన ఏడాదే అది. కనబడ్డవాళ్ళందరికీ ఆ పత్రం పంచింది. 1976లో యూరప్ సమాజం విద్యామంత్రులు విశ్వవిద్యాలయాల ఉమ్మడి చదువులకు చిన్న పథకం ఒప్పుకున్నారు. పెద్ద పథకం దగ్గరకొచ్చేసరికి డబ్బు పేచీ వచ్చి, కమిషన్ తన ప్రతిపాదనను 1986 చివర్లో వెనక్కి తీసుకుంది కూడా. చివరికి 1987 జూన్‌లో ఆమోదం దొరికింది. దాని పొడుగాటి ఇంగ్లీషు పేరులోని అక్షరాలు కూర్చి 'ఎరాస్మస్' అన్నారు. మొదటి ఏడాది వెళ్ళినవాళ్ళు 11 దేశాల నుంచి 3,244 మంది. తర్వాత అప్రెంటిసులు, ఉపాధ్యాయులు కూడా చేరి, ఈనాటికి ఆ లెక్క కోటిన్నర దాటింది. కొర్రాడీని అందరూ 'ఎరాస్మస్ అమ్మ' అన్నారు. 2025 అక్టోబరులో, 91 ఏళ్ళ వయసులో ఆవిడ పోయింది.

ఆరు నెలల సావాసం మాట ఊరికే పోలేదు. ఇలా వెళ్ళినవాళ్ళలో నూటికి 27 మందికి జీవిత భాగస్వామి అక్కడే తటస్థపడ్డారనీ, 1987 నుంచి పది లక్షల మంది పిల్లలు ఆ జంటలకు పుట్టి ఉంటారనీ 2014లో యూరప్ కమిషన్ అంచనా వేసింది. ఆడపిల్లల తండ్రులు ఈ పేరా ఇంట్లో చదవకపోవడం మంచిది.

నన్ను ముగ్ధుణ్ణి చేసింది మాత్రం వెనకనున్న లెక్కల ఏర్పాటు. 1989లో అయిదు సబ్జెక్టుల్లో క్రెడిట్ల బదిలీ ప్రయోగం మొదలుపెట్టారు. వైద్యం, చరిత్ర, రసాయనశాస్త్రం, మెకానికల్ ఇంజనీరింగ్‌లతో పాటు వాణిజ్య నిర్వహణ కూడా అందులో ఉంది; కాస్త గర్వంగానే చెబుతున్నాను. సంవత్సరానికి 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ. ఎవడి పాఠం గొప్పదన్న తగువు లేకుండా, ఆ పాఠానికి ఎన్ని గంటలు పట్టిందో చూసి మారకపు రేటు కట్టారన్నమాట. కుర్రాడు బయల్దేరకముందే ఏ పాఠాలు చదువుతాడో రాసి, ఇంటి విశ్వవిద్యాలయం, పంపిన చోటు, కుర్రాడు ముగ్గురూ సంతకాలు పెడతారు. తిరిగొచ్చేటప్పుడు అక్కడివాళ్ళు మార్కుల పత్రం ఇస్తారు. బ్యాంకువాళ్ళకు ఇది లెటర్ ఆఫ్ క్రెడిట్. సరుకు ఓడ ఎక్కకముందే చెల్లిస్తామని మాట ఇస్తాం. నిబంధన ప్రకారం పత్రాలుంటే చెల్లించి తీరాలి. మేం సరుకు చూడం, పత్రాలే చూస్తాం. కొర్రాడీకీ నాకూ లేకపోయింది ఆ ముందు సంతకమే. మేం సరుకు మోసుకొచ్చి గుమ్మం ముందు నిలబడ్డాం.

మన దేశంలో యూజీసీ 2021లో క్రెడిట్లకు ఏకంగా ఒక 'బ్యాంకు' పెట్టింది. దాచిన క్రెడిట్ గరిష్ఠంగా ఏడేళ్ళు చెల్లుతుంది. వడ్డీ లేదు! 2022లో విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి చదువు చెప్పడానికి కూడా నిబంధనలు వచ్చాయి.

ఇవేవీ రాకముందు, 2018లో, మా అమ్మాయి హాలండ్ వెళ్ళింది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. వాళ్ళ కాలేజీకీ అక్కడి కాలేజీకీ ఒడంబడిక ఉంది కాబట్టి ఫీజు ఇక్కడే కట్టాం. పట్టుచీరల ఆయన ప్రశ్నే మా ఆవిడ నన్ను వేసింది. నేను మాత్రం ఒప్పందం కాగితం మీద మూడు సంతకాలూ పడేదాకా టికెట్ కొననివ్వలేదు. సంతకం పెట్టే ఆచార్యుడు సెలవులో ఉన్నాడంటే, అమ్మాయిని వెంటబెట్టుకుని ఆయన ఇంటికే వెళ్ళాను. "పరువు తీశావు నాన్నా" అంది దార్లో. తీస్తే తీశాను.

సెప్టెంబరులో వెళ్ళి జనవరి చివర వచ్చింది. మధ్యలో రోటర్‌డాంలో ఎరాస్మస్ కంచు విగ్రహం ఫోటో పంపింది. 1622 నాటిదట, చేతిలో పుస్తకం. చర్చి గంట వినబడితే పేజీ తిప్పుతాడని ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారట. "తిప్పాడా?" అని అడిగాను. "వాన పడుతోంది నాన్నా, వచ్చేశాను" అంది.

వచ్చాక మార్కుల పత్రం ముందేసుకుని లెక్క చూశాను. అక్కడ 30 క్రెడిట్లు, ఇక్కడ పుస్తకంలో పడ్డవి 27. మిగిలిన మూడూ డచ్చి భాష తరగతివి. మొదటి ఒప్పందంలో అది లేదు. వెళ్ళాక తనే సరదాపడి చేరింది. "పోనీ నాన్నా, ఆ మూడూ నాకోసం చదివినవి" అంది. ఇప్పటికీ అక్కడి స్నేహితురాలితో ఫోనులో ఆ భాషలోనే ఏదో గలగల మాట్లాడుతుంది. ఒరియా, తెలుగు, ఇంగ్లీషు, హిందీల పక్కన అది అయిదోది.

కాలేజీకి ఉత్తరం రాయమని రెండుసార్లు చెప్పాను. రాయలేదు. చివరికి నేనే రాశాను, 1989 నాటి నా మార్కుల జాబితా నకలు కూడా జతచేసి. ఎందుకు జతచేశానో అమ్మాయి అడిగితే చెప్పలేకపోయాను. జవాబు రాలేదు.